కబడ్డీ కోర్టు మీద లోగో నిలబెట్టాలండి, కెమెరా తిప్పితే జారిపోతోంది

తోటలో_లైవ్
డిసెంబర్ 6, రాత్రి 10:52

అందరికీ నమస్కారమండి. అంబాజీపేట సైడు చిన్న లైవ్ యూనిట్ నడుపుతున్నాను, పెళ్ళిళ్ళు, తీర్థాలు, కబడ్డీ, ఏదొస్తే అది. రెండు కెమెరాలు, ఒక స్విచ్చర్, లాప్‌టాప్‌లో లైవ్ పంపే ఓబీఎస్ సాఫ్ట్‌వేర్, అంతే మన సరంజామా. సంక్రాంతి మూడు రోజులూ కబడ్డీ టోర్నమెంట్ లైవ్ ఒప్పుకున్నాను, అక్కడే వచ్చింది తంటా. స్పాన్సర్ నగల షాపాయన, టీవీలో చూశారంట, నేలకి అంటుకున్నట్టు లోగో ఉంటుంది, ప్లేయర్లు దాని మీంచి నడిచెళ్ళిపోతుంటారు కదా, మాకూ అదే కావాలి, ఓ మూల బొమ్మ పెడతానంటే డబ్బులివ్వను అని తేల్చేశారు.

పోయినేడు నేను ఓ ప్రయత్నం చేశానండి. లోగోని నాలుగు మూలలా లాగి నేలకి సరిపోయేలా పెట్టాను, కెమెరా కదలనంతసేపూ బ్రహ్మాండం. మా కుర్రాడు రైడర్‌తో పాటు కెమెరా తిప్పాడు, లోగో కోర్టు దాటి జనాల్లోకెళ్ళి కూర్చుంది. పైగా రైడర్ దాని మీదకి రాగానే కాళ్ళు మాయం, మొండెం ఒక్కటే కూతకెళ్తోంది. కామెంట్లలో "లోగో కూతకొచ్చింది పట్టండ్రా" అని ఒకటే గోల, పరువు పోయింది. దీనికి దారేమైనా ఉందా? బడ్జెట్ మాత్రం అడక్కండి, లాప్‌టాప్ ఈఎంఐ ఇంకా నడుస్తోంది.

చేపల_చెరువు
డిసెంబర్ 6, రాత్రి 11:05

ఆయ్, ఆ వీడియో నేనూ చూశానండి. చెరువు గట్టు మీద కుర్రాళ్ళందరం కలిసి ఓ పాతికసార్లు ఎనక్కి తిప్పి చూశాం. కాళ్ళు లేనోడు బోనస్ గీత దాటితే పాయింటు ఇత్తారా ఇవ్వరా, ముందది తేల్చండి.

పాత_కెమెరా
డిసెంబర్ 7, ఉదయం 6:20

తమ్ముడూ, నేను హైదరాబాద్‌లో ఓబీ వ్యాన్ల మీద, అదే బయట నుంచి టీవీ లైవ్ పంపే బళ్ళ మీద చాలా ఏళ్ళు చేసి ఇప్పుడు పాలకొల్లులో ఇంటిపట్టున ఉంటున్నాను. నువ్వు బొమ్మని తెరకి అంటించావు, అందుకే తెరతో పాటు పోయింది. నేలకి అంటించాలంటే కెమెరా ఎటు చూస్తోందో ప్రతి ఫ్రేముకీ తెలియాలి.

దీనికి తాతముత్తాతల కథ ఉంది, తెలుసుకుంటే నీ బాధ తగ్గుతుంది. టీవీలో అమెరికన్ ఫుట్‌బాల్ చూపించేటప్పుడు మైదానానికి అడ్డంగా పసుపు గీత చూసుంటావు, 1998 సెప్టెంబర్ 27న ఈఎస్‌పీఎన్‌లో బాల్టిమోర్, సిన్సినాటి మ్యాచ్‌కి మొదటిసారి వేశారు, చేసింది స్పోర్ట్‌విజన్ అనే కంపెనీ. కెమెరా తలకాయకి, అంటే ట్రైపాడ్ మీద తిరిగే భాగానికి సెన్సర్లు బిగించారు, పక్కకి ఎంత తిరిగింది, పైకీ కిందకీ ఎంత వంగింది, లెన్సులో జూమ్ ఎంత, ఫోకస్ ఎంత, ఇవన్నీ ఎప్పటికప్పుడు కంప్యూటర్‌కి పోతుంటాయి. మ్యాచ్‌కి ముందే లేజర్‌తో మైదానం మొత్తం కొలుస్తారు. ఎందుకంటే వాళ్ళ మైదానాలు బల్లపరుపుగా ఉండవు, వాన నీళ్ళు పోవడానికి మధ్యలో కాస్త గూనిలా లేపుతారు, ఆ గూని లెక్కలోకి తీసుకోకపోతే గీత గాల్లో తేలుతుంది.

ఇక నీ మొండెం సంగతి. వాళ్ళు రంగుల పట్టీలు రెండు పెట్టుకున్నారు, గడ్డి పచ్చ రంగులన్నీ ఒక పట్టీ, వీటి మీద గీత పడొచ్చు. జెర్సీలు, ఒళ్ళు, బంతి ఇంకో పట్టీ, వీటి మీద పడకూడదు. ఎండ మారి నీడ పాకితే గడ్డి రంగు మారిపోతుంది, దాన్ని సరిచేస్తూ ఒక మనిషి కూర్చునేవాడు. మొదట్లో దీనికంతటికీ ఓ ట్రక్కు నిండా కంప్యూటర్లు. నువ్వు ఒక్క లాప్‌టాప్‌తో దిగావు, మొండెమైనా మిగిలింది సంతోషించు.

తోటలో_లైవ్
డిసెంబర్ 7, ఉదయం 8:41

బాబాయ్ గారూ, దండం. అయితే మన ట్రైపాడ్‌కి సెన్సర్ బిగిస్తే పనవుతుందా? మా కోర్టు మట్టి కోర్టండి, పచ్చగడ్డి కాదు, సాయంత్రం నీళ్ళు చల్లుతారు, రెండు మ్యాచ్‌లయ్యాక ప్లేయర్లూ నేలా ఒకే రంగు. రంగుల పట్టీ ఎలా మరి?

యానాం_కోడర్
డిసెంబర్ 7, మధ్యాహ్నం 1:15

సెన్సర్ సంగతి నేను చెప్తా, పోయినేడు ఇదే పిచ్చితో నెల రోజులు కూర్చున్నా. మార్కెట్లో దొరికే మామూలు రోటరీ ఎన్‌కోడర్, అంటే ఎంత తిరిగిందో కొలిచే సెన్సర్, ఒక చుట్టుకి 600 పల్సులు ఇస్తుంది, రెండు చానళ్ళ అంచులూ లెక్కేస్తే 2400, అంటే ఒక్కో అడుగు 0.15 డిగ్రీలు. వినడానికి బానే ఉంటుంది. ఇప్పుడు మీ కెమెరా వైడ్‌లో 50 డిగ్రీలు చూస్తుందనుకోండి, అడ్డంగా 1920 పిక్సెళ్ళు, డిగ్రీకి 38 చిల్లర, అంటే ఎన్‌కోడర్ ఒక అడుగు వేస్తే లోగో ఆరు పిక్సెళ్ళు గెంతుతుంది. జూమ్ చేసి 10 డిగ్రీలకి తెస్తే ఏకంగా 29 పిక్సెళ్ళు, కప్పలా గెంతుతుంది. నేను చిన్న పళ్ళ చక్రం, పెద్ద పళ్ళ చక్రం, బెల్టు పెట్టి ఐదు రెట్లు చేశాను, అప్పుడు వైడ్‌లో ఒక పిక్సెల్‌కి దిగింది, జూమ్‌లో ఆరు. పెద్ద చానళ్ళవాళ్ళ కెమెరా తలకాయల్లో ఉండే ఎన్‌కోడర్లు దీనికన్నా ఎన్నో రెట్లు సన్నగా కొలుస్తాయి, అందుకే వాటికా రేటు.

ఇంకో తిరకాసు, ఎన్‌కోడర్ లెక్క వెంటనే వచ్చేస్తుంది, వీడియో మాత్రం కెమెరాని లాప్‌టాప్‌కి కలిపే క్యాప్చర్ కార్డులోంచి తీరిగ్గా వస్తుంది. నాకు నాలుగు ఫ్రేములు ఆలస్యం, 25 ఫ్రేముల్లో అది 160 మిల్లీసెకండ్లు. దాంతో కెమెరా తిప్పగానే ముందు లోగో బయల్దేరేది, తర్వాత నేల బయల్దేరేది. లెక్కని కూడా అంతే ఆపి పంపితే కుదిరింది. కామెంటరీ మైకుకి కూడా అంతే డిలే పెట్టాలి, లేకపోతే పట్టేశారని అరిచాక పడతాడు మనిషి.

గీతల_మాస్టారు
డిసెంబర్ 7, రాత్రి 9:30

నేను అమలాపురంలో ఇంటర్ పిల్లలకి లెక్కలు చెప్తానండి, వీడియోల గురించి నాకేం తెలీదు గానీ ఇందులో ఉన్నది నా సబ్జెక్టే కాబట్టి నోరాపుకోలేక రాస్తున్నాను.

చుక్కల ముగ్గు తెలుసుగా, చుక్కలు సరిగ్గా పడితే గీతలు వాటంతటవే కుదురుతాయి. ఇదీ అంతే. నేల సమతలంగా ఉంటే నేల మీద నాలుగు చుక్కలు చాలు, ఆ నాలుగూ తెరలో ఎక్కడున్నాయో తెలిస్తే నేల మీద మిగతా ఏ చోటైనా తెరలో ఎక్కడ పడుతుందో కట్టేయొచ్చు. దీన్ని హోమోగ్రఫీ అంటారు. తెలియనివి ఎనిమిది, ఒక్కో చుక్క అడ్డం నిలువు రెండు లెక్కలిస్తుంది, నాలుగు రెళ్ళు ఎనిమిది, అయిపోయింది. మీకు చుక్కలు వెతుక్కోనక్కర్లేదు, మగాళ్ళ కోర్టు 13 మీటర్ల పొడవు 10 మీటర్ల వెడల్పు, నాలుగు మూలలూ సున్నంతో గీసే ఉంటాయి. మధ్య గీత నుంచి బాక్ గీత 3.75 మీటర్లు, బోనస్ గీత 4.75. కెమెరాని బిగించేసి మూలల మీద నాలుగు క్లిక్కులు కొడితే బోనస్ గీతని పచ్చగా వెలిగించడం పెద్ద పనేం కాదు. మూడు చుక్కలు ఒకే గీత మీద ఉండకుండా చూసుకోండి, అప్పుడు లెక్క కూలిపోతుంది.

చేపల_చెరువు
డిసెంబర్ 7, రాత్రి 9:48

మాస్టారూ, మీ క్లాసులో చదువుంటే నేను చెరువుల్లో ఉండేవోడ్ని కాదండి. అయితే సంక్రాంతికి బరి కాడ కోడికి కూడా ఇలాగే గుండ్రం గీసి పేరు రాత్తే ఎలాగుంటుందంటారు? ఏ కోడి ఏదో తెలీక సత్తన్నాం.

గట్టు_పెద్ద (నిర్వాహకుడు)
డిసెంబర్ 7, రాత్రి 10:10

పందేల లైవ్ గురించి ఇక్కడ వద్దు బాబూ. చట్టవిరుద్ధం, ఆ తర్వాత పోలీసులొచ్చి నా ఇంటి తలుపు కొడతారు. కోడిని కూరలో ట్రాక్ చేసుకోండి.

తోటలో_లైవ్
డిసెంబర్ 14, రాత్రి 11:37

వారం పట్టిందండి. యానాం_కోడర్ గారు ఫోన్లో కూర్చోబెట్టి ఓపెన్‌సీవీ, అదే వీడియోలో బొమ్మల్ని లెక్కగట్టే ప్రోగ్రాం నేర్పించారు. ఎన్‌కోడర్ జోలికెళ్ళలేదు, వీడియోలోనే కదలని చుక్కలు పట్టుకుని వాటిని బట్టి కెమెరా ఎంత తిరిగిందో కట్టే పద్ధతి పెట్టాం. ఈరోజు సాయంత్రం మా ఇంటెనకాల తోటలో సున్నం గీతలు గీసి పిల్లల చేత ఆడించి చూశాం. మొదటి పది నిమిషాలు నా కళ్ళని నేనే నమ్మలేదు, కెమెరా తిప్పినా లోగో నేలకి అతుక్కుపోయింది. ఇంతలో సముద్రం గాలి తిరిగిందండి. లోగో ఊయల ఊగడం మొదలెట్టింది. అటూ ఇటూ, అటూ ఇటూ. కోడ్ తప్పేమో అని గంటసేపు బుర్ర బద్దలు కొట్టుకుంటే, చివరికి చుక్కలు తెర మీద వేసి చూస్తే ట్రాకర్ పట్టుకున్న 200 చుక్కల్లో సగానికి పైగా కొబ్బరి మట్టల మీద ఉన్నాయి!! కోనసీమలో కెమెరా ఎటు పెట్టినా వెనకాల కొబ్బరి చెట్టే కదా, దీన్ని తప్పించేదెలా?

యానాం_కోడర్
డిసెంబర్ 15, ఉదయం 7:50

హహహ, అమెరికావాడికి రాని కష్టం. ట్రాకర్‌కి ఆకు, జనం, స్తంభం అన్నీ ఒకటే, వెలుగూ చీకటీ గట్టిగా మారే మూల కనిపిస్తే పట్టుకుంటుంది, కొబ్బరాకు అంచుల్లో అవి బోలెడు. ఆ చుక్కల వెంట ఫ్రేము ఫ్రేముకీ పడేది లూకస్, కనాడే అని ఇద్దరు 1981లో రాసిన పద్ధతి, నలభై ఏళ్ళు దాటినా అందరం దాని మీదే బతుకుతున్నాం. దానితో పాటు రాన్‌సాక్ వాడండి, అదీ 1981 నాటిదే. పంచాయితీ లాంటిది అనుకోండి, కొన్ని చుక్కల్ని లాటరీలా తీసి వాటి మాట ప్రకారం కెమెరా ఎటు తిరిగిందో కడుతుంది, మిగతా చుక్కల్లో ఎన్ని ఒప్పుకుంటాయో చూస్తుంది, అలా చాలాసార్లు చేసి ఎక్కువమంది ఒప్పుకున్న మాట నిలబెడుతుంది. మీకొచ్చిన చిక్కేంటంటే మీ పంచాయితీలో మెజారిటీ కొబ్బరి మట్టలదే అయింది, ఒకే గాలికి ఒకే వైపు ఊగి దొంగసాక్ష్యం చెప్పాయి. ఫ్రేములో పై సగానికి ముసుగు వేసేయండి, అక్కడ చుక్కలే తీసుకోవద్దు. లైటు స్తంభాల మొదళ్ళు, గోడ మూలలు, కోర్టు గీతలు మాత్రమే. ఎల్‌ఈడీ వాల్ ఉంటే దానికీ ముసుగు వేయండి, అందులో మీ లైవే కనపడుతుంటుంది కాబట్టి పిచ్చెక్కిపోతుంది ట్రాకర్‌కి.

ఇంకోటి, ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య చిన్న తప్పు పోగవుతూ పది నిమిషాలకి లోగో ఓ జానెడు జరుగుతుంది. కోర్టు గీతలు కనబడినప్పుడల్లా వాటితో సరిచేస్తుండాలి.

లాకుల_గట్టు
డిసెంబర్ 15, మధ్యాహ్నం 3:22

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. ఆత్రేయపురం కాలవలో సంక్రాంతికి పడవ పోటీలు పెడుతున్నారుగా, మాది ఆ పక్కూరే. మేం కుర్రాళ్ళం మా లాకుల దగ్గర చిన్నగా పెట్టుకుందామనుకుంటున్నాం. గట్టు మీద నుంచి చూస్తే ముందు ఏ పడవుందో అర్థం కాదండి, దగ్గరున్న పడవే ముందున్నట్టు కనిపిస్తుంది, పోయినసారి దీని మీదే కొట్టుకున్నంత పనైంది. ఈ గీతలు నీళ్ళ మీద వేయొచ్చా?

పాత_కెమెరా
డిసెంబర్ 15, సాయంత్రం 5:05

భలే అడిగావు. ఆ పసుపు గీత వెనకున్న మనిషి స్టాన్ హనీ స్వతహాగా పడవల నేవిగేటరే. అంతకు ముందు 1996లో ఐస్ హాకీకి మెరిసే పక్ (బంతి బదులు వాడే బిళ్ళ) చేసింది కూడా ఆయన బృందమే, పక్‌ని రెండు ముక్కలుగా కోసి లోపల సర్క్యూటూ బ్యాటరీ పెట్టి, కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ కాంతి బయటికి వదిలేలా చేసి, చుట్టూ సెన్సర్లతో పట్టుకునేవాళ్ళు. టీవీలో పక్ చుట్టూ నీలం వెలుగు, గట్టిగా కొడితే ఎర్ర తోక. కొత్తవాళ్ళకి నచ్చింది, అసలు హాకీ అభిమానులు మాత్రం వీడియో గేమ్ చేశారని తిట్టిపోశారు, 1998కల్లా ఆపేశారు.

అదే మనిషి తర్వాత అమెరికాస్ కప్ పడవ పందేలకి లైవ్‌లైన్ అని చేశాడు, 2013లో శాన్‌ఫ్రాన్సిస్కోలో హెలికాప్టర్ కెమెరా నుంచి నీళ్ళ మీద హద్దులు, దూరం గీతలు, ఏ పడవ ఏ దేశానిదో జెండాలు, అన్నీ. పడవల్లో పెట్టిన జీపీఎస్ రెండు సెంటీమీటర్ల తేడాలో చోటు చెప్పేది. మన ఫోన్లో జీపీఎస్ మీద అంత ఆశ పెట్టుకోకు, మూడు నుంచి ఐదు మీటర్లు అటూ ఇటూ, అంటే సగం పడవ.

గీతల_మాస్టారు
డిసెంబర్ 15, రాత్రి 8:12

లాకుల_గట్టు గారూ, మీకున్న అదృష్టం కబడ్డీవాళ్ళకి లేదు. కాలవ నీళ్ళంత సమతలం ఇంకెక్కడ దొరుకుతుంది! రెండు గట్ల మీదా నీటి అంచున ఎదురెదురుగా వెదురు గెడలు పాతి జెండాలు కట్టండి, టేపుతో కొలిచి ప్రతి పది మీటర్లకీ ఒక జత. రెండు జతలు కనబడితే నాలుగు చుక్కలు. కెమెరాని మాత్రం బిగించేయండి, ఎంత ఎత్తు మీద పెడితే అంత మంచిది. జెండాని గెడ మొదట్లో, నీటి మట్టం దగ్గర కట్టండి, గెడ కొసన కడితే లెక్క నీళ్ళ మీద కాకుండా గాల్లో పడుతుంది. అలాగే పోటీ రోజున లాకులు ఎత్తి నీటి మట్టం మార్చకుండా చూసుకోండి.

యానాం_కోడర్
డిసెంబర్ 15, రాత్రి 8:40

పడవల్ని గుర్తుపట్టడానికి యోలో అని, బొమ్మలో ఏ వస్తువు ఎక్కడుందో చెప్పే ప్రోగ్రాం వాడొచ్చు, కానీ ఉన్నది ఉన్నట్టు వాడితే మన దోనెని ఒక్కోసారి బెంచీ అంటుంది. మీ పడవల ఫొటోలు ఓ మూడు వందలు తీసి పెట్టెలు గీసి మళ్ళీ నేర్పించండి, రెండు సాయంత్రాల పని. నీళ్ళలో నీడని కూడా పడవే అనుకుంటుంది, అందుకని ఉదయం తీసినవీ సాయంత్రం తీసినవీ కలపండి. డ్రోన్ అంటారేమో, గాలికి కదులుతుంది కాబట్టి ప్రతి ఫ్రేముకీ మళ్ళీ లెక్క కట్టాలి, పర్మిషన్ గొడవ వేరే. మొదటి ఏడాదికి డాబా మీద బిగించిన కెమెరానే మంచిది.

చేపల_చెరువు
డిసెంబర్ 15, రాత్రి 9:01

క్రికెట్లో ఎల్‌బీకి బంతి గీత చూపిత్తారుగా, అదీ ఇదీ ఒకటేనా?

పాత_కెమెరా
డిసెంబర్ 15, రాత్రి 9:25

దగ్గరి చుట్టాలే గానీ ఒకటి కాదు. నువ్వడిగేది హాక్-ఐ, దానికి గ్రౌండు చుట్టూ కెమెరాలు చాలా ఉంటాయి, బంతిని రెండు మూడు వైపుల నుంచి ఒకేసారి చూసి గాల్లో అది ఎక్కడుందో కడతాయి, తర్వాత ప్యాడు అడ్డం లేకపోతే ఎటు పోయేదో ఊహిస్తాయి. 2001 మేలో లార్డ్స్‌లో ఇంగ్లండ్, పాకిస్తాన్ టెస్టుకి చానల్ 4 మొదటిసారి చూపించింది. మన సమస్య ఒకే కెమెరా, నేల మీద బొమ్మ. అంపైర్లకి పెద్దగా పనిలేదు, స్పాన్సర్లకే.

తోటలో_లైవ్
డిసెంబర్ 22, రాత్రి 12:15

కొబ్బరి చెట్టు బాధ తీరింది, ముసుగు వేశాక లోగో రాయిలా నిలబడింది. ఇప్పుడు మొండెం బాధ. నేల ఫొటో ఒకటి దగ్గర పెట్టుకుని దానికి తేడాగా ఉన్నదల్లా మనిషి అనుకునే పద్ధతి వాడాను. మూడు తంటాలు. ఒకటి నీడ, ఫ్లడ్‌లైట్లు నాలుగు వైపులా కాబట్టి ఒక్కో ప్లేయర్‌కి నాలుగు నీడలు, అవన్నీ మనుషులే అనుకుంటోంది. రెండోది మూల డిఫెండరు కదలకుండా కాసేపు వంగి నిలబడితే అతన్నే నేల అనుకుని మెల్లిగా లోగోని అతని కాళ్ళ మీదకి ఎక్కించేస్తోంది, చీమలు పాకినట్టు. మూడోది చెప్పక్కర్లేదు, నీళ్ళు చల్లగానే నేల రంగు మొత్తం మారి లోగో హుష్ కాకి.

ఇదిలా ఉండగా ఇంకో గొడవ. స్పాన్సర్ గారు అడిగారు, ఎదురు గోడకి వేరే షాపువాళ్ళ ఫ్లెక్సీ ఉంది, నేల మీద కాకపోతే లైవ్‌లో ఆ ఫ్లెక్సీ మీద మాది అంటించెయ్, అది కదలదు కదా అని. సాంకేతికంగా తేలికే. చెయ్యనా?

గట్టు_పెద్ద (నిర్వాహకుడు)
డిసెంబర్ 22, ఉదయం 6:45

చెయ్యకు. ఫ్లెక్సీ కట్టినాయనా మీ ఊరివాడే, సాయంత్రం ఇంట్లో టీవీలో పెట్టి చూస్తాడు.

పాత_కెమెరా
డిసెంబర్ 22, ఉదయం 7:30

ఇది అమెరికాలోనే పెద్ద రచ్చయింది. 1999 డిసెంబర్ 31 రాత్రి సీబీఎస్ చానల్ వార్తల్లో న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్ చూపిస్తూ వెనకాల పోటీ చానల్ ఎన్‌బీసీ వాళ్ళ పెద్ద తెర మీద తమ లోగో అంటించేశారు, చూసేవాళ్ళకి చెప్పకుండా. విషయం పత్రికల్లోకెక్కాక, ఆ వార్తలు చదివిన డాన్ రాదర్ తప్పయిందని ఒప్పుకున్నాడు. ఆటలో అడిగి, డబ్బులు మాట్లాడుకుని వేస్తే అది వ్యాపారం. ఫుట్‌బాల్ బోర్డుల మీద ఒక్కో దేశానికి ఒక్కో ప్రకటన ఇవాళ మామూలే. పక్కవాడి ఫ్లెక్సీ కప్పేస్తే మాత్రం దొంగతనమే.

రాజోలు_డిజైనర్
డిసెంబర్ 22, మధ్యాహ్నం 12:50

ఇన్నాళ్ళూ చదువుతూ ఊరుకున్నాను, ఇక ఆగలేక రాస్తున్నా. అన్నయ్య గారూ, నీడల బాధకి చిన్న చిట్కా, లోగోని మామూలుగా పెట్టకుండా మల్టిప్లై బ్లెండ్‌లో పెట్టండి. నేల వెలుతురుతో గుణించుకుంటుంది కాబట్టి నీడ లోగో మీంచి కూడా కనపడుతుంది, సున్నం గీతా, అడుగుల గుర్తులూ కనపడతాయి, నిజంగా నేల మీద రంగు వేసినట్టే ఉంటుంది. అప్పుడు నీడని తప్పించే పనే ఉండదు. కాకపోతే తెల్ల లోగో మాయమైపోతుంది, ముదురు రంగే వాడాలి.

నిలబడ్డ మనిషి నేలైపోవడానికి మాత్రం మనుషుల్నే గుర్తుపట్టే మోడల్ కావాలి, దానికి మంచి గ్రాఫిక్స్ కార్డు కావాలి, మీ ఈఎంఐ గుర్తొచ్చి ఆగిపోతున్నా. పెద్దవాళ్ళకే తిప్పలు తప్పట్లేదు, ఎన్‌హెచ్‌ఎల్ అనే ఐస్ హాకీ లీగ్‌లో 2022-23 సీజన్ నుంచి రింకు (మంచు కోర్టు) చుట్టూ గోడల మీద ఇలాగే వేస్తుంటే చూసేవాళ్ళు కళ్ళు తిరుగుతున్నాయని తిట్టారు.

అసలు నా అనుమానం ఏంటంటే, మీ స్పాన్సర్ గారు టీవీలో చూసింది గ్రాఫిక్సేనా? క్రికెట్లో వికెట్ల వెనకాల లేచి నిలబడ్డట్టు కనిపించే లోగోలు చాలావరకు నిజంగా గడ్డి మీద సాగదీసి వేసిన రంగులే, లేకపోతే పరిచిన మ్యాట్లే. మెయిన్ కెమెరా నుంచి చూస్తేనే అలా నిలబడతాయి. పక్కకెళ్ళి చూస్తే సాగిన అప్పడం. మనకి సంక్రాంతి, ముగ్గులు, అత్తయ్యలు ఉండగా కంప్యూటర్ ఎందుకండి?

తోటలో_లైవ్
డిసెంబర్ 22, మధ్యాహ్నం 1:04

...

నిజంగానా?

గీతల_మాస్టారు
డిసెంబర్ 22, రాత్రి 9:15

అమ్మాయి భలే చెప్పింది, భోంచేస్తూ లెక్క కట్టాను. కెమెరా డాబా మీద, నేల నుంచి 6 మీటర్ల ఎత్తున ఉందనుకుందాం. లోగోకి కెమెరా వైపున్న దగ్గర అంచు కెమెరా కింద నుంచి 20 మీటర్లు. ముప్పావు మీటరు ఎత్తున్న బోర్డు అక్కడ నిలబడ్డట్టు కనిపించాలి. కెమెరా నుంచి ఆ బోర్డు పై అంచు మీదుగా తాడు లాగితే నేలకి ఎక్కడ తగులుతుందో అదే దూరపు అంచు. 20ని 6తో గుణించి 5.25తో భాగించండి, 22.86. అంటే నేల మీద 2.86 మీటర్ల పొడవు సాగదీయాలి. వెడల్పు కూడా అదే వంతున పెరగాలి, దగ్గర అంచు 4 మీటర్లయితే దూరపు అంచు 4.57. అవతలి లాబీకీ జనాల తాడుకీ మధ్య 3 మీటర్లు వదిలితే సరిపోయింది. అదే కెమెరా 4 మీటర్ల ఎత్తులోనే ఉంటే 4.6 మీటర్లు కావాలి, జనాలు తొక్కేస్తారు.

ఇందులో అందం ఏంటంటే ట్రైపాడ్ ఉన్నచోటే ఉంటే చాలు, కెమెరా ఎంత తిప్పినా ఎంత జూమ్ చేసినా బోర్డు నిలబడే ఉంటుంది, ఎందుకంటే చూసే చోటు మారలేదు. మీ ట్రాకర్ కష్టపడి చేసే పని నేల ఊరికే చేసిపెడుతుంది. ప్లేయర్ దాని ముందుకొస్తే కాళ్ళు ఎక్కడికీ పోవు.

రాజోలు_డిజైనర్
డిసెంబర్ 22, రాత్రి 9:40

మాస్టారూ, లెక్క కూడా అక్కర్లేదండి. లోగోని ఓబీఎస్‌లో సగం పారదర్శకంగా వేసి మానిటర్ దగ్గర ఒకరు కూర్చుని, కింద ముగ్గు వేసేవాళ్ళకి ఫోన్లో "కుడికి, ఇంకాస్త, ఆ, అక్కడ పొయ్యండి" అని చెప్తే చాలు.

తోటలో_లైవ్
జనవరి 17, ఉదయం 11:20

అందరికీ కనుమ ఎల్లిపోయాక శుభాకాంక్షలు. రిపోర్టు ఇస్తానన్నాగా.

భోగి నాడు తెల్లవారుజామున మంచులో మా పిన్ని, మరో ఇద్దరు అత్తయ్యలు దిగారు. నేను డాబా మీద మానిటర్ దగ్గర, కింద పిన్ని చెవిలో ఇయర్‌ఫోన్, చేతిలో గిన్నె. తెర మీద సగం కనబడే లోగో అంచు, దాని మీద తెల్లగా పాకుతున్న పిండి. ఆవిడ వంగి పోస్తుంటే నేను "పిన్నీ ఎడమకి" అంటే నా ఎడమో తన ఎడమో తెలీక మొదటి అక్షరం అద్దంలో బొమ్మలా తిరగబడింది, చెరిపేసి మళ్ళీ వేశాం. "నేలమీద చూత్తే దెయ్యం కాళ్ళలా సాగిపోయాయిరా, ఇదేం ముగ్గు" అని ఒకటే సణుగుడు. ముప్పావుగంటకి అయింది. పైకి తీసుకొచ్చి మానిటర్‌లో చూపించాను, ఆవిడ కిందకి వంగి కోర్టుని చూస్తుంది, మళ్ళీ తెర చూస్తుంది, మళ్ళీ కోర్టు. తెరలో బోర్డు నిటారుగా నిలబడుంది.

లైవ్ మొదలయ్యాక కామెంట్లు చూడాలండి, ఏ సాఫ్ట్‌వేర్ అన్నా, గ్రాఫిక్స్ అదిరింది, లైసెన్స్ ఎంత అని. నగల షాపాయన ఫోన్ చేసి వచ్చే ఏడాదికి కూడా మీకే అన్నారు, నేను ముగ్గు సంగతి చెప్పలేదు. రెండో కెమెరాకి కట్ చేసినప్పుడు మాత్రం జిలేబీ చుట్టినట్టు కనిపించింది, అది రైడర్ క్లోజప్‌కి మాత్రమే వాడుకున్నాం. బోనస్ గీత వెలిగించడం రీప్లేల్లో వాడాను, బిగించిన వైడ్ కెమెరా కాబట్టి మాస్టారి నాలుగు చుక్కలే చాలాయి, దాంతో రెండు గొడవలు తీరాయి, ఒకటి కొత్తగా పుట్టింది. కనుమ నాడు జనమంతా జగ్గన్నతోట ప్రభల తీర్థానికి పోయి రాత్రి దాకా రాలేదు, ఫైనల్ మొదలయ్యేసరికి పదకొండు.

ఇంతకీ సంక్రాంతి రోజు పొద్దున్న ఆరింటికి కెమెరా ఆన్ చేస్తే బోర్డులో కింద వరసంతా లేదండి. పిన్ని పద్ధతైన మనిషి కదా, సున్నం కలపకుండా ఉత్త బియ్యప్పిండితో వేసింది. ఊళ్ళో కోళ్ళన్నీ కోర్టులోనే ఉన్నాయి.

చేపల_చెరువు
జనవరి 17, ఉదయం 11:26

పెద్దాయనా, ఇప్పుడైనా కోళ్ళ గురించి మాటాడుకోవచ్చా?